ఎర్రమ్మత్త కేక

ఎర్రమ్మత్త డొంకూరు నుంచి వచ్చి కాశీబుగ్గ మెయిన్ రోడ్డు మీద చేపలు అమ్మేది. బళ్లు ఆగిపోయే చోటే బేరాలు ఎక్కువని లారీల పొగలోనే కూర్చునేది. ఊరు ఇరుకైపోతుంటే అభివృద్ధి అని మురిసిపోయే పెద్దలకి ఆ పొగ తగలదు. ఆమెకి మాత్రం దగ్గు పట్టుకుని, కేక వేసే గొంతే పోయింది. కేక లేకపోతే చేప అమ్ముడుపోదు.

"డాక్టరు చెప్పినట్టు సందులోకి మారిపో అత్తా," అన్నాను, కాలేజీ పుస్తకాలతో ఆమె గంప దగ్గర ఆగి.

"సందులోకెవుడొత్తాడ్రా, నీ పుస్తకాలొత్తాయా?" అంది గుసగుసగా.

అయినా మారింది. కొన్నాళ్లు పిల్లులే వచ్చాయి. దగ్గు తగ్గాక ఒక పొద్దున్న ఆమె కేక హారన్లని దాటి రోడ్డెక్కింది. జనం సందులోకి తిరిగారు. ఒకడు బండి మీదే గంప దాకా వచ్చేశాడు.

"ఇంజనాపి నడిసిరా బావా. మళ్లీ నా గొంతు పోతే నిన్నెవుడు పిలుత్తాడు?"

వాడు నవ్వుతూ బండి ఆపేశాడు.