ఎస్తేరు ముంజేతి మీద మందు పేరు

1962 ఆగస్టు 14, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలకు సువార్తమ్మ మా ఆస్పత్రికి వచ్చి, తన కూతురి కాగితాలు కావాలని అడిగింది. నెల్లూరు జిల్లా తీరాన ఉన్న ఆ సర్కారు ఆస్పత్రిలో నేను ఆడవాళ్ల వార్డు సిస్టర్‌ని. నర్సుల పనికీ, మందుల అలమారుకూ, కేస్ షీట్లకూ జవాబుదారీ నాదే. రోగికి వచ్చిన జబ్బు, ఇచ్చిన మందు, దాని ఫలితం రాసి ఉంచే కాగితమే కేస్ షీటు.

సువార్తమ్మది మనుబోలు పక్క పల్లె. అంతకుముందు ఏడాది ఆమె కూతురు ఎస్తేరు కాలి గడ్డతో మా వార్డులో చేరింది. పెన్సిలిన్ సూది వేయగానే నాడి అందలేదు. అడ్రినలిన్ ఇచ్చి బతికించాం. ఆ సంగతి కేస్ షీటులో ఎర్ర సిరాతో రాసి ఉంది.

"ఇప్పుడు దానికి ఆరో నెల సిస్టరమ్మా. అల్లుడు రైల్లో గ్యాంగ్‌మన్, తడ టేసనుకి మార్చినారు. ఆడ మళ్లా అదే సూది పొడిస్తే నా బిడ్డ ఉంటాదా?"

హెడ్ క్లర్కును అడిగాను. కేస్ షీటు ఆస్పత్రి సొత్తని, కోర్టు సమను వస్తే పంపుతామని అన్నాడు. సూపరింటెండెంటు సెలవులో ఉన్నారు. ఆయన బదులు చూస్తున్న డాక్టరు, మన సూదివల్లే ప్రాణం మీదికి వచ్చిందని రాసిస్తే రేపు మన మీదే ఫిర్యాదు వస్తుంది, నోటితో చెప్పి పంపండి అన్నారు. నిబంధనల పుస్తకం మొత్తం చదివాను. కేస్ షీట్లు ఎన్నేళ్లు దాచాలో, ఏ అలమారులో పెట్టాలో ఉంది. రోగి అడిగితే ఏం చేయాలో లేదు. ఊళ్లో తెలిసిన ప్లీడరు గారింటికీ వెళ్లాను. ఇవ్వకూడదని ఉందా అన్నారు. లేదన్నాను. ఇవ్వమని ఉందా అన్నారు. అదీ లేదన్నాను. అయితే చట్టం మీకు అడ్డం రాదు, ఆదుకోదు అన్నారు.

సువార్తమ్మ రెండుసార్లు వచ్చి వెళ్లింది. ఎస్తేరు తడకు వెళ్లే రోజు దగ్గర పడుతోంది.

మూడోసారి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఎస్తేరు ఎడమ ముంజేతి మీద, మా క్రైస్తవ పల్లెల్లో చాలామందికి ఉన్నట్టే, పచ్చబొట్టు సిలువ ఉంది.

"దీని కింద ఆ మందు పేరు ఇంగ్లీషులో రాయి సిస్టరమ్మా. పచ్చబొట్లు పొడిచే ఆమె దాని మీదే పొడస్తానంది. కాగితం సర్కారుది. చెయ్యి నా బిడ్డదే గదా!"

"రాసేదేదో కుదురుగా రాయక్కా, చచ్చిందాకా ఉండేది" అని ఎస్తేరు నవ్వింది.

పెన్సిలిన్ వద్దని పెద్ద అక్షరాలతో రాశాను. సూదులు మరిగించమని చెప్పాను. పచ్చబొట్టు సూదుల్ని ఎవరూ మరిగించరు.

అక్టోబరులో సువార్తమ్మ వచ్చి మిగతాది చెప్పింది. తడ చేరేసరికి చెయ్యి వాచి చీము పట్టింది. జ్వరం. అక్కడి ఆస్పత్రిలో కుర్ర డాక్టరు పెన్సిలిన్ రాశాడు. నర్సు మందు సిరంజిలోకి తీసింది. చీము తుడుస్తుండగా డాక్టరుకు అక్షరాలు కనబడి, ఆగమన్నాడు.

"ఎవురు రాసినారు ఇది అని అడిగినాడంట. మా సిస్టరమ్మ అని చెప్పిందంట."

పెన్సిలిన్‌కు బదులు ఇచ్చిన సల్ఫా మాత్రలతో జ్వరం తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా కాన్పయింది.

ఇవ్వమని రాసిలేని చోట, ఇవ్వకూడదని చదువుకోవడం మా ఆఫీసుల అలవాటు. సెలవు నుంచి వచ్చిన సూపరింటెండెంటుకు జరిగింది చెప్పాను. పడని మందు పేరు ఇంటికి వెళ్లే రోగి చీటీ మీద రాసి సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. నేను రిటైరయ్యేదాకా అలాగే చేశాం. ఏ నిబంధన కింద అని ఒక్కరూ అడగలేదు.

ఎస్తేరు బతికింది. పోయినవి: ఏడో నెల మగబిడ్డ ఒకడు, ముంజేతి మీద రూపాయి బిళ్లంత చర్మం, దానితోపాటు మందు పేరులో చివరి మూడు అక్షరాలు.