రెండు మేకల మీద పాడావు

చ్వేలే సంత మలుపులో, బైకు టాక్సీల వాళ్లు ఆగే చోట, నమాల్వా మందాజీలనే తీపి బూరెలు వేయించి, టీతో పాటు అమ్ముతుంది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ పొయ్యి, దాని వెనక ఒక గది, మంచం పట్టేంత పెరడు. నూనె పొగలో కళ్లు మండించుకుని ఏళ్ల తరబడి కూడబెట్టి ఒక పెయ్యదూడను కొనుక్కుంది. మేపే చోటు లేక మరిది సిటాటి ఇంట్లో ఉంచింది. ఆ ఊళ్లో అది మామూలే. ఆవు ఇచ్చినవాళ్లది, పాలు మేపినవాళ్లవి. దూడ ఎదిగి ఈనింది. ఆ పాలు సిటాటి భార్య నాబ్విలే తన ఏడాది పిల్లాడికి పడుతోంది. పిడికెడంత పుట్టిన పిల్లాడు. వాడి బుగ్గల్లో కనిపించే కండంతా ఆ పాలదే.

అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడ్డాక పొయ్యి చుట్టూ పందేల గోలే. మొదట్లో మేకకు మేక కట్టుకున్నారు. తర్వాత ఒక అభ్యర్థి రెండు హెలికాప్టర్లతో బడి మైదానంలో దిగాడు. ఎంత దుమ్ము లేచిందో చూసి, దేశమంతా ఎటు మొగ్గిందో అక్కడికక్కడే తేల్చేశారు. సాయంత్రానికి అతనికి ఎదురుగా కట్టేవాడే దొరకలేదు. అప్పుడు ఎవరో అతనే గెలుస్తాడని పాడావును కట్టాడనీ, ఎదురు కట్టేవాడు రెండు మేకలు పెడితే చాలన్నాడనీ చెప్పుకున్నారు. ఆరు మేకలు చేసే ఆవు. ఒకటికి మూడు!

"అంత నమ్మకం ఉన్నోడు ఇంకో ఆవుని కూడా కట్టొచ్చుగా," అంది నమాల్వా, మందాజీలు తిరగేస్తూ. అందరూ నవ్వారు. మేకల వ్యాపారి ముఖ్వానా మాత్రం తలెత్తకుండా టీ తాగాడు.

హెలికాప్టర్ల మనిషి ఓడిపోయాడు. ఫలితం వచ్చిన మర్నాడు నాబ్విలే పిల్లాణ్ణి చంకనేసుకుని పరుగున వచ్చి, ముఖ్వానా తాడు పట్టుకుని తమ వాకిట్లో నిలబడ్డాడని చెప్పింది. ఆ రోజు తాను నవ్వింది తన ఆవు మీదేనని నమాల్వాకు అప్పుడు గాని తెలియలేదు. పొయ్యి ఆర్పేసి బయలుదేరింది.

వాకిట్లో పెద్దలు చేరారు. సిటాటి, ముఖ్వానాల చేతులు కలిపించి పందేనికి సాక్షిగా నిలిచిన ముసలి ఖయెంబా పీట మీద కూర్చున్నాడు. సిటాటి నేల చూపులు చూస్తున్నాడు.

"గెలుస్తాడనే కట్టాను వదినా. గెలిస్తే నీకో మేక ఇద్దామనుకున్నా."

"ఓడితే ఏమిద్దామనుకున్నావ్?"

ఆమె ముఖ్వానా వైపు తిరిగింది. "ఆవు నాదని నీకు తెలీదా?"

"తెలుసక్కా," అన్నాడతను, తడబడకుండానే. "ఇంటి మగాడు మాటిచ్చాక నువ్వేం అంటావులే అనుకున్నా."

దేశం ఎటు మొగ్గుతుందన్న దాని మీద ఆ మలుపులో ఇన్ని పందేలు కాశారు. మొగుడు పోయిన ఆడది నోరెత్తదన్న మాటకు మాత్రం ఒక్కడూ ఎదురు పందెం కట్టలేదు. అంత ఖాయమనుకున్నారు దాన్ని.

ఖయెంబా గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. ఆవు నమాల్వాదే, దాన్ని కట్టే హక్కు సిటాటికి లేదు. అయితే పదిమందిలో చేయి కలిపాక మాట పోకూడదు. ఆ ఆవులో సిటాటిదంటూ ఉన్నది పాలే గనుక, వట్టిపోయేదాకా రెండు పూటలా పాలు ముఖ్వానాకు పోయాలి. ఎవరికీ అన్యాయం జరగలేదని పెద్దలు తలలూపారు. నాబ్విలే పిల్లాణ్ణి గుండెకు అదుముకుంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

నమాల్వా చూసింది. ఒళ్లంతా మండిపోయింది.

"తాతా, పందెం కట్టింది సిటాటి. చెయ్యి కలిపించింది నువ్వు. ఈ పసివాడికి ఓటు లేదు సరికదా, ఇంకా నడకే రాలేదు. ఓడింది మాత్రం వీడా?"

ఖయెంబా ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. గుంజ దగ్గరికి వెళ్లి ఆవు పలుపు విప్పింది.

"మీరు మేపింది చాలు. ఇవాళ్టి నుంచి ఆవూ నాదే, పాలూ నావే. మీ పందెం మీరు తేల్చుకోండి."

తన ఆవును తోలుకెళ్లడానికి యజమాని ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ సంగతి అందరికన్నా ఖయెంబాకే బాగా తెలుసు గనుక ఊరుకున్నాడు. సిటాటి ఒక్కడే మెల్లగా, "ఆ కాస్త పెరట్లో దానికేం పెడతావ్ వదినా?" అన్నాడు.

"నువ్వు కోసుకొచ్చిన గడ్డి."

ఇప్పుడు ఆవు పొయ్యి వెనకే ఉంటుంది. రోజూ పొద్దున్నే సిటాటి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని బైకుల మధ్య నుంచి వస్తాడు. హెలికాప్టర్ దిగిందిరా అని కుర్రాళ్లు ఆటపట్టిస్తారు. అతను మోపు దించి ఆవు ముందు వేస్తాడు. నాబ్విలే పిల్లాడితో వచ్చి పాలు పట్టుకెళ్తుంది. ముఖ్వానా కూడా సిగ్గుపడకుండా టీకి వస్తూనే ఉన్నాడు. నమాల్వా అతనికి పాలు లేని టీ పోస్తుంది. మిగతావాళ్ల కప్పులు చూసి, "నాకు పాలేవక్కా?" అన్నాడొకరోజు.

ఆమె తల్లి చంకలో ఉన్న పిల్లాడి వైపు గరిటె చూపించింది.

"వాడు మిగిల్చిన రోజు పోస్తా."