మూడూళ్ళ గేదె

"...దాటలేదంటే దాటలేదయ్యా. పుట్టిన కాణ్ణించీ మన వంతెన దాటని గేదె వేములపాడు ఎట్టా పోద్ది? లంకపాలెం ఎట్టా పోద్ది? బస్సెక్కిందా?"

"నేనన్లేదత్తా. కాయితంలో ఉంది."

"కాయితం నా గేదెని ఎప్పుడు జూసింది? ఆ ఎడం కొమ్ము చూడు. చెవి మీదకి దిగి మళ్ళా పైకి లేచింది. ఈ చుట్టుపక్కల అట్టాంటి కొమ్ము ఇంకోటి చూపిచ్చు, గేదెని నీ ఇంటికి తోలేస్తా."

జాన్‌బాబు చూపించలేడు. బల్ల మీద మూడు రంగుల ఫోటోలున్నాయి. ఒకదాని కింద కొత్తపాలెం అనీ, రెండోదాని కింద వేములపాడు అనీ, మూడోదాని కింద లంకపాలెం అనీ రాసి ఉంది. మూడింట్లోనూ మురుగు కాలువ అద్దంలా మెరుస్తోంది. మూడింట్లోనూ గట్టు మీద ఒకటే గేదె, వంకర కొమ్ముతో, పనిని తనిఖీ చేయడానికి వచ్చిన పై అధికారిలా నిలబడి ఉంది. పింఛను కాగితాల కోసం ఫోటో దిగడానికి వచ్చిన బుల్లెమ్మ కంట అవి పడనే పడ్డాయి.

పామర్రులో బస్సులు ఆగే చోటికి నాలుగు కొట్ల అవతల జాన్‌బాబు స్టూడియో. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఓణీల ఫంక్షన్లు తీస్తాడు. పందొమ్మిదేళ్ళుగా ఒక దినపత్రికకి విలేకరి కూడా. పత్రిక ఇచ్చేది బండి పెట్రోలుకి చాలదు. అయితే ఆ బండి ముందు 'ప్రెస్' అన్న స్టిక్కరు ఉంది, చొక్కా జేబులో గుర్తింపు కార్డు ఉంది. కార్డు మీది ఫోటో తనే తీసుకున్నాడు కాబట్టి అది మనిషికన్నా బాగుంటుంది. ఆదివారం చర్చికి కూడా దాన్ని పెట్టుకునే వెళతాడు. "దేవుడు గేటు దగ్గర ఆపుతాడనా?" అని భార్య ఎలిజబెత్ అడుగుతుంది. ఆపినా ఆపవచ్చని అతని అనుమానం.

ఆ కార్డుతో అతను కొన్ని పనులు చేశాడు. బస్సే రాని రోడ్డులో కట్టిన బస్ షెల్టరు గురించి రాశాడు. ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషను మీద చీరలు ఆరేస్తున్నారని ఫోటోతో సహా రాశాడు. మర్నాటికి చీరలు తీసేశారు. మిషను మాత్రం పనిచేయలేదు. పెళ్ళి పందిట్లో అతను ఎదురైతే అధికారులు ముందు అతని మెడలో ఉన్నది ఏ కెమెరానో చూసుకుని ఆ తర్వాత నవ్వేవారు. అతనికి ఉన్నది ఒక్క కెమెరానే అని వాళ్ళకి తెలియదు.

ఆగస్టు వానలకి కాలువ పొంగింది. నీళ్ళు కనపడకుండా గుర్రపుడెక్క పరుచుకుని ఉంటే పొంగక ఏం చేస్తుంది? ఊదారంగు పూలతో చూడ్డానికి బాగానే ఉంటుంది ఆ కలుపు, నీటిని మాత్రం కదలనివ్వదు. పన్నెండు రోజులు పొలాల్లో నీళ్ళు నిలిచి నాట్లు కుళ్ళిపోయాయి. బుల్లెమ్మ కౌలుకి చేసే ఎకరమూ పోయింది. మూడూళ్ళ పొడవునా వేసవిలోనే గుర్రపుడెక్క తీయించామని డ్రెయిన్ల ఆఫీసు వాళ్ళు అన్నారు. తీయిస్తే ఆ రుజువులేవో ఇమ్మని జాన్‌బాబు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు.

నెల దాటాక, నిన్న, కవరొచ్చింది. మూడు ఫోటోల్లో ఒకటే గేదె కనపడగానే విజయవాడలో జిల్లా పేజీ చూసే జ్యోతిర్మయికి ఫోన్ చేసి, "మేడమ్, దొరికారు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

దొరికిన వాళ్ళలో తనూ ఉన్నాడు.

మే నెలలో ఆ ఆఫీసు ఏఈ రాంబాబు పిలిస్తే వెళ్ళాడు. కొత్తపాలెం వంతెన దగ్గర నలభై గజాల మేర జేసీబీతో తీయించి ఉంది. వంతెనకి ఇవతలే, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, కాస్త దిగువ నుంచి ఒకటి తియ్యమన్నాడు ఏఈ. ఒకే చోటుకి మూడెందుకని జాన్‌బాబు అడగలేదు. పెళ్ళి ఫోటోలు తీసేవాడు ఎందుకని అడగడు. తాళి కట్టేది ఒక్కసారే అయినా నలభై తీస్తాడు. పైగా అతనికి ఖాళీ ఫ్రేము గిట్టదు. పెళ్ళికూతురి పక్కన జానెడు చోటు మిగిలితే పూలకుండీ అయినా జరిపిస్తాడు. వట్టి నీళ్ళు ఏం బాగుంటాయని, గట్టున పోతున్న బుల్లెమ్మని ఆపి గేదెని నిలబెట్టించాడు. చోటు మారినప్పుడల్లా గేదెనీ మార్పించాడు.

"మొకం ఇటు తిప్పమని నువ్వే గదయ్యా అన్నావు," అంది బుల్లెమ్మ, ఆ పొద్దు గుర్తుకొచ్చి. "దాని తోక పట్టుకుని మూడుసార్లు తిప్పా."

"అదే అత్తా నేను చేసిన తప్పు."

"తప్పేముంది, బాగానే పడింది."

ఫోన్ మోగింది. జ్యోతిర్మయి.

"జాన్‌బాబు గారూ, వార్త బాగుంది. ఆ ఫోటోలు తీసినాయన ఎవరో కనుక్కున్నారా?"

"ఎవరో లోకలండీ."

"దొరుకుతాడా?"

"దొరకడం అంటే... దొరుకుతాడు మేడమ్. కాస్త బిజీ మనిషి."

"అతని మాట లేకుండా నేను పేజీలో పెట్టనండి. తీసింది ఒకే చోటని అతను చెప్తేనే మనకి బలం. నాలుగింటికల్లా పంపించండి. ఇంకోటి, మనవాళ్ళెవరూ ఆఫీసుల పనులు ఒప్పుకోకూడదని సర్క్యులరొచ్చింది, చూశారుగా. మొన్న ఒకాయన దగ్గర కార్డు తీసేసుకున్నారు. మీతో ఆ గొడవ లేదనుకోండి."

"లేదండీ," అన్నాడు జాన్‌బాబు, జేబు తడుముకుంటూ.

ఫోన్ పెట్టేసి పది నిమిషాలు కాలేదు, రాంబాబు లోపలికి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్న బుల్లెమ్మని, పక్కనే ఉన్న ప్లాస్టిక్ పూలకుండీని ఒకే చూపులో దాటేసి ఎదురుగా కూర్చున్నాడు.

"మా ఆఫీసులో వాళ్ళకి బుద్ధి లేదు జాన్‌బాబూ. నీకా కవరు పంపేముందు నాకు చూపించొద్దూ?"

"చూపిస్తే ఏం చేసేవారు సార్?"

"గేదెని తీయించేవాణ్ణి." రాంబాబు ఫోటోల మీదకి వంగాడు. "అసలు దీన్నెవరు పెట్టమన్నారయ్యా నిన్ను? నేను కాలువ తియ్యమన్నానా, పాడి పశువుల ప్రదర్శన పెట్టమన్నానా?"

"ఫ్రేము ఖాళీగా ఉందని, సార్."

"ఖాళీగా ఉండాలనే కదా నేను చెప్పింది." కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "సర్లే. అయిందేదో అయింది. ఫోటోలు తీసినట్టు నువ్వు సంతకం పెట్టిన కాయితం నా బల్లలో ఉంది. నేను బయటికి తియ్యను. నువ్వొక్క పని చెయ్యి. పెళ్ళయ్యాక గొడవలొస్తే బావమరిదిని ఆల్బమ్‌లోంచి లేపేస్తావా లేదా?"

"అడిగితే లేపేస్తాను సార్."

"బావమరిదినే లేపేసేవాడికి గేదె ఎంత. రెండు ఫోటోల్లోంచి దాన్ని తీసెయ్యి. పాతవి పొరపాటున వచ్చినయ్యని కొత్త కవరు నేను పంపిస్తా. నీ కార్డు నీ దగ్గరుంటది, నా ఇంక్రిమెంటు నా దగ్గరుంటది. ముప్పావుగంటలో వస్తా."

అతను అల్లం టీ కోసం రోడ్డు దాటాడు. బుల్లెమ్మ గేదె ఊసెత్తుతుందేమోనని జాన్‌బాబు ఎదురుచూశాడు. ఆమె స్టూలు ఈడ్చుకొచ్చి అతని భుజం వెనక కూర్చుంది.

అతను కంప్యూటర్లో లంకపాలెం ఫోటో తెరిచాడు. గేదెని తీయడం కష్టం కాదు. తీశాక మిగిలే చోటుని నింపడమే పని. ముందు కాళ్ళు తీసి గట్టు మట్టి వేశాడు. పొట్ట తీసి, పక్కనున్న నీళ్ళు తెచ్చి అక్కడ పోశాడు. కాస్త మెరుపు తగ్గితే ఆకాశం నీడ కలిపాడు. గేదె తోక వెనక నాలుగు ఆకులు గుర్రపుడెక్క మిగిలి ఉంది, జేసీబీ వదిలేసినది. దాన్ని కూడా తీసి నీళ్ళు వేశాడు. మౌసు పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆ ఏడాది మొత్తం మీద ఆ కాలువలో గుర్రపుడెక్క శ్రద్ధగా తీసినవాడు తనొక్కడే.

చివరికి కొమ్ము మిగిలింది. కింద తల లేకుండా, గాల్లో, చెవి మీదకి దిగి మళ్ళా పైకి లేచి.

"బాగా తీశావయ్యా," అంది బుల్లెమ్మ. "నా చేలో నీళ్ళున్నప్పుడు నిన్ను పిలవాల్సింది. కుర్చీలోంచి లేవకుండా తోడేసేవాడివి."

అతను మౌసుని కొమ్ము మీదకి జరిపాడు.

"ఇంతకీ నా ఫోటో తీస్తావా? తీసినా ఎన్నాళ్ళుంటదో. రేపు ఏ సారో వచ్చి ముసల్దాన్ని లేపెయ్యమంటే, నా చోట్లో ఏం పెడతావు? ఆ పూలకుండీనా?"

"కూర్చో అత్తా, ఊరికే," అన్నాడతను. చేతి కింది ఫోటోని సేవ్ చెయ్యకుండానే మూసేసి మళ్ళీ తెరిచాడు. తెర మీద పాత ఫోటో వచ్చింది. గేదె తిరిగొచ్చి తన చోట్లో నిలబడింది, ఏమీ జరగనట్టు.

బుల్లెమ్మని తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి, ముఖాన పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసుకోమని చెప్పి ఫోటో తీశాడు. ఆమె పక్కన చాలా చోటు ఖాళీగా ఉంది. దాన్ని అలాగే ఉంచాడు. ఫోటో ప్రింటయ్యేలోగా వార్తలో పై నాలుగు వాక్యాలు చెరిపి మళ్ళీ రాశాడు. ఎలిజబెత్‌కి ఫోన్ చేద్దామనుకుని, సాయంత్రం ఇంటికెళ్ళాక ఎలాగూ తప్పదని మానుకున్నాడు. రోడ్డు అవతల రాంబాబు రెండో టీ తాగుతున్నాడు.

జ్యోతిర్మయికి ఫోన్ కలిపాడు.

"దొరికాడా జాన్‌బాబు గారూ?"

"దొరికాడు మేడమ్. తన మాట కూడా చెప్పాడు."

"ఏమంటాడు?"

"మూడు ఫోటోలూ కొత్తపాలెం వంతెన దగ్గరే తీశానంటాడు. గేదెని తనే నిలబెట్టించానంటాడు. దాని యజమాని ఇక్కడే కూర్చునుంది, మీరు అడగొచ్చు."

"మంచిది. అతని పేరు?"

"మొదటి పేరాలో ఉందండీ, నాదే. వార్త ఇప్పుడే పంపిస్తున్నా, కార్డు మూడింటి బస్సుకి పంపిస్తా."