చలి రాకుండా మూసిన గుడిసె

మాది మంథని. గోదారి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, చలి నాకు కొత్తేమిటి అనుకునేదాన్ని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఒక చలికాలం, ఆసిఫాబాద్ నుంచి జైనూరు దిక్కు వేస్తున్న సడక్ పనికి నా మగడితో కలిసి పోయాను. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల. అక్కడ దిగిన మర్నాడే నా తెలివి తెల్లారింది. బిందెలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు తెగిపడ్డట్టయింది. పొద్దెక్కేదాకా మంచు టేకాకుల మీంచి టపటపా కారుతూనే ఉండేది.

నా పని కంకర కొట్టడం. మంచులో తడిసిన రాయి మీద మొదటి సుత్తె దెబ్బ వేస్తే అది రాయికి కాదు, మన మోచేతికి తగిలేది. వేళ్లకు పాత చీర పీలికలు చుట్టుకునేవాళ్లం. పగిలిన మడమలకు అక్కడి గోండు ఆడవాళ్లు ఇప్పనూనె రాసుకునేవారు. నాకూ ఇస్తే కంపు కొడుతోందని మూతి తిప్పుకున్నాను. మూడోనాడు నేనే పోయి అడుక్కుని రాసుకున్నాను. పని మొదలుపెట్టే ముందు రాళ్లను మంట చుట్టూ పేర్చి, తడి ఆరాక కొట్టడం నాకు నేర్పింది వాళ్లలో ఒక ముసలామె. నా కుప్ప పక్కనే ఆమె కుప్ప. ఆమెకు తెలుగు నాలుగు ముక్కలు వచ్చు, నాకు గోండి ఒక్క ముక్క రాదు. ఆ నాలుగు ముక్కల్లోనే మా స్నేహమూ, మా తగవూ.

తగవు నా గుడిసె గురించి. కూలీలకు తడకలు కట్టి, పైన గడ్డి కప్పి ఇచ్చారు. తడక సందుల్లోంచి గాలి సూదుల్లా దూరేది. బిడ్డకు జలుబు చేసి గొంతు గురగురమంటుంటే నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. ఎందుకంటే నా తొలికాన్పు బిడ్డ చలికాలంలోనే పోయాడు. ఈ పిల్లనైనా శివరాత్రి దాకా బతికించుకోవాలి, ఇదొక్కటే నా ఫికర్. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా. అందుకని మట్టీ పేడా కలిపి నాలుగు దిక్కులా తడకలు మెత్తాను. చీమ దూరే సందు లేకుండా మెత్తాను. నా మగడు చూసి, "అబ్బో, దొర గడీ కట్టినవ్ కదనే!" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున చూద్దును కదా, కప్పు కిందుగా వేలు పట్టేంత బొక్కలు రెండు! ముసలామె పుల్ల పట్టుకుని మూడోది పొడుస్తోంది.

"ఓ అవ్వా! నీకేం పుట్టింది? నా గోడ నీకేం జేసింది?" అన్నాను.

"గాలి" అంది. "గాలి కావాలె."

"గాలి వద్దనే గద మెత్తింది!"

ఆమె తల అడ్డంగా ఊపి, బిడ్డను చూపించి, తన ముక్కు మీద వేలు పెట్టుకుని మళ్లీ "గాలి" అంది. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అబద్ధమెందుకు, చేతబడేమో అని కూడా అనుమానమొచ్చింది. ఆమె అటు పోగానే మూశాను. మళ్లీ పొడిచింది. మళ్లీ మూశాను. అసలే నాది ముక్కు మీది కోపం. "ఇంకోపారి పొడిస్తె చెయ్యి ఇరగ్గొడ్త, సూడు!" అన్నాను. ఆమె నవ్వింది. అర్థమై నవ్విందో, కాక నవ్విందో.

ఆ వారం చలి మరీ ముదిరింది. బాలింత గదిలో కుంపటి పెట్టడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. పుట్టింట్లో మా అమ్మ నాకట్లాగే పెట్టింది. బొగ్గుల మీద వాము చల్లి, ఆ సెగకు బిడ్డ ఒళ్లు కాచేది. అది పెంకుటిల్లని, పడుకుంటే పెంకుల సందుల్లోంచి ఆకాశం కనబడేదని నాకు తట్టనే లేదు. ఒక పొద్దున మంటలోంచి నిప్పులు ఎత్తి చట్టిలో పోసి, గుడిసెలో బిడ్డకు బారెడు దూరంలో పెట్టాను. నిప్పురవ్వ ఎగిరి పడకుండా రాయి కూడా అడ్డం పెట్టాను, అంత జాగ్రత్త! వాకిలికి గొంగడి కట్టి, దాని అంచు మీద రాళ్లు పెట్టి పనికి పోయాను.

పొద్దు బారెడెక్కింది. రోజూ ఆ పాటికి బిడ్డ రెండుసార్లు ఏడ్చేది, నేను సుత్తె పడేసి ఉరికేదాన్ని. ఆ రోజు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇన్నాళ్లకు పిల్లకు వెచ్చదనం దొరికిందని సంబరపడుతూ రాళ్లు కొడుతున్నాను. ముసలామె నా గుడిసె వైపు చూసి, "పోరి ఏడ్వలే" అంది.

"పండుకోనియ్యి అవ్వా. ఇయ్యాల్నే జర మంచిగ పండుకున్నది."

కాసేపటికి పాలు చేపి రవిక తడిసింది. అప్పుడు లేచాను. నా వెనకే ఆమె వచ్చింది. గొంగడి తీస్తే లోపల వెచ్చగా, హాయిగా ఉంది. పొగ కూడా లేదు. బిడ్డ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎత్తుకుంటే మెడ వెనక్కి వాలిపోయింది. చెయ్యి ఎత్తి వదిలితే అట్లాగే జారిపడింది.

చలి తగిలిందనుకున్నాను. ఒళ్లు వెచ్చగా ఉంటే చలి ఎట్లా తగులుతుంది? ఆ మాట తోచలేదు. నాకూ తల తిరిగింది. భయం వల్లనేమో అనుకున్నాను. ఇంకా వెచ్చజేయాలని పిల్లను కుంపటి దగ్గరికి తీసుకుపోయి పైన గొంగడి కప్పబోయాను. ముసలామె నా చేతుల్లోంచి బిడ్డను గుంజుకుని బయటికి ఉరికింది.

గాలి కోసేస్తున్న గుట్ట అంచున నిలబడి, పిల్ల ఒంటి మీది గుడ్డలన్నీ ఊడదీసి పారేసింది. "నా బిడ్డను సంపుతున్నదిరో!" అని అరుస్తూ పోయి మీద పడ్డాను. ఒక చేత్తో ఆమె జుట్టు పట్టుకుని, ఇంకో చేత్తో డొక్కలో గుద్దాను. కంకర కొట్టే చెయ్యి నాది. ఎన్ని గుద్దులు గుద్దానో నాకే తెలియదు. ఆమె తిరిగి ఒక్క దెబ్బ వేయలేదు, బిడ్డను వదలనూ లేదు. నా గుద్దులు పడుతూనే వంగి, పిల్ల ముఖాన్ని గాలికి పెట్టి, అరికాళ్లు రుద్దుతూనే ఉంది. కూలీలు మూగారు. "సలికి సచ్చిపోతదే పిల్ల" అని ఒకరు, "ముసలిదాన్ని కొడ్తవేందే, ఆపు" అని ఒకరు. ఎవరిని ఆపాలో, ఎవరిని నమ్మాలో నాకు తెలియలేదు.

అప్పుడు బిడ్డ ఇంత పాలు కక్కి, కెవ్వుమంది.

నేను ఉన్నచోటే చతికిలబడ్డాను. మట్టి తట్ట పడేసి ఉరికొచ్చిన నా మగడు, ముసలామె చేతుల్లో దిసమొలతో వణుకుతున్న పిల్లను చూసి, "ఏమైందే? ఎవరేం జేసిన్రు?" అని అరిచాడు.

"నాకెర్కలే... నాకేం ఎర్కలే" అని ఏడ్చాను. నిజంగానే నాకు తెలియదు. ముసలామె బిడ్డను గుడ్డలో చుట్టి అతనికిచ్చి, గుడిసెలోకి పోయింది. నిప్పుల చట్టిని బయటికి తోసేసి, పుల్ల తీసుకుని గోడకు బొక్కలు పొడవసాగింది. ఈసారి నేను వాటిని మూయలేదు.

మూసిన ఇంట్లో బొగ్గుల గాలి మనుషుల ప్రాణం తీస్తుందని చాలా ఏళ్ల తర్వాత ఆసిఫాబాద్‌లో ఒక కాంపౌండరు విడమరిచి చెప్పాడు. ఆ రోజు మాత్రం చలి చంపబోయిందో, వెచ్చదనం చంపబోయిందో తేలక, పొద్దుగూకేదాకా బిడ్డను ఒళ్లో పెట్టుకుని గుడిసె బయటే కూర్చున్నాను. కప్పాలంటే భయం, కప్పకపోతే భయం.

మర్నాడు పనికి పోక తప్పదు. బిడ్డను గుడిసెలో పడుకోబెట్టడానికి చేతులు రాలేదు. ఎత్తుకుని తిన్నగా ముసలామె దగ్గరికి పోయి, ఆమెకే అందించాను. తీసుకోలేదు. నన్ను అటు తిప్పి, పిల్లను నా వీపుకు ఆనించి, తన భుజం మీది దుప్పటి తీసి ఇద్దరికీ చుట్టింది. బిడ్డ ముక్కు మాత్రం బయట ఉండేట్టు సర్దింది.

"నీ పెయ్యి ఎచ్చ" అంది నా ఒంటిని తాకి. "సాలు."

ముడి వేయడానికి నా ముందుకొచ్చి, చెయ్యి నా భుజం దాకా ఎత్తబోయి, సగంలో ఆగిపోయింది. మూలుగుతూ డొక్క పట్టుకుంది. నేను గుద్దింది అక్కడే. కాసేపు అట్లాగే నిలబడి, ఆ చెయ్యి దించేసి, రెండో చేత్తోనూ పళ్లతోనూ ముడి బిగించింది.