మరిపెడ నుంచి వరంగల్‌కు, ఒక నెల దాచుకొని

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు దండెం మీది బట్టలు తీస్తుంటే నా పొట్ట రాయిలా గట్టిపడింది. నొప్పి లేదు. మా చిన్నోడు రిషి స్కూలు చొక్కా చేతిలో అలాగే పట్టుకొని గోడకు ఆనుకున్నాను. నాలుగేళ్ల కింద వీడప్పుడు కూడా ముందు నొప్పి రాలేదు. ఇలాగే గట్టిపడింది. మర్నాడే, ఎనిమిదో నెల నిండకుండానే పుట్టాడు. ఇరవై రెండు రోజులు దవాఖానలో అద్దాల పెట్టెలో కాసేపు, నా రొమ్ము మీద కాసేపు ఉంచి బతికించారు.

గంటలో నాలుగుసార్లు గట్టిపడి ఆగింది. పప్పుడబ్బా కింద దాచిన చీటీ బయటికి తీశాను. ఒకసారి నెలలు నిండకుండా కాన్పయినవాళ్ల మీద వరంగల్ దవాఖానలో పరిశోధన జరుగుతోందని, మా ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆశమ్మ ఇచ్చిన చీటీ అది. ఐదు వారాలుగా దాన్ని మరిచిపోయినట్టు నటించాను. బీఎస్సీలో కప్పను కోసినదాన్ని. ప్రయోగమంటే బల్ల మీద ఎవరుంటారో నాకు తెలుసు.

బుధవారం పొద్దున ఆరు ఇరవైకి అత్తమ్మతో బస్సెక్కాను. మా ఆయన దుకాణం తెరవకుండా పిల్లల దగ్గర ఉన్నాడు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కడుపుతో ఉన్నవాళ్లు వెనక టైరు మీది సీటు తీసుకోవద్దు, కుదుపులు అక్కడే ఎక్కువ.

తొర్రూరులో పది నిమిషాలు ఆగింది. మిర్చి సంచితో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఎన్నో నెల బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "ఆరు" అంది.

"ఆరా? పొట్ట జూస్తే ఏడు దాటినట్టున్నది. కవలలేమో, జర జూపించుకోన్రి."

అత్తమ్మ మొహం తిప్పుకుంది. నాకు నడుస్తున్నది ఏడో నెల. రిషి ముందుగా పుట్టడానికి నలుగురిలో నెల చెప్పుకోవడమే కారణమని, దిష్టి తగిలిందని ఆమె నమ్మకం. అందుకే ఈసారి అందరికీ ఒక నెల తగ్గించి చెబుతున్నాం. ఆశమ్మకు కూడా చివరి నెలసరి తేదీ ఒక నెల తర్వాతదే రాయించాం. తేడా బయటపడుతుందని మూడో నెల స్కాన్‌కు కూడా పోలేదు. చదువుకున్నదాన్నే. అయినా ఊరుకున్నాను, నాకూ భయం ఉంది కాబట్టి.

తొమ్మిదికి వరంగల్ బస్టాండ్. బయట నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ పలుచన. షేర్ ఆటోలో మనిషికి ఇరవై. దవాఖానలో ఓపీ చీటీ రాయించుకొని పరిశోధన గదికి చేరేసరికి పది దాటింది.

లావణ్య అనే నర్సు ఆరు పేజీల కాగితాలు ఇచ్చింది, తెలుగులోనే. ప్రతి వాక్యంలో ఏదో దాచారేమోనని వెతికాను. కొందరికి మందు ఇస్తారట, కొందరికి మామూలు వైద్యమేనట. ఎవరు ఏ గుంపులో పడేదీ ముందు ఎవరికీ తెలియదట.

"మందు రానోళ్ల గతేంది?" అని అడిగాను.

"ఆ మందు పనిచేస్తదో లేదో తెల్వకనే గదక్కా పరీక్ష. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానొచ్చు. వైద్యం ఆగదు."

"రక్తం దీస్కపోయి అమ్ముకుంటరట" అంది అత్తమ్మ.

"అమ్ముకుంటే ఈ విరిగిన కుర్చీల కూసుందునా పెద్దమ్మా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నిన్న పొట్ట గట్టిపడిందని చెప్పగానే నవ్వుతున్న లావణ్య మొహం మారింది. "రాత్రంతా ఇంట్లున్నవా? 108కి ఫోన్ జెయ్యాలె గదా!" అని నేరుగా స్కాన్‌కు తీసుకుపోయింది.

స్కాన్ చేసిన డాక్టరమ్మ నా కార్డు చూసి, తెర చూసి, మళ్లీ కార్డు చూసింది.

"కార్డు ప్రకారం ఇరవై మూడు వారాలు. బిడ్డ ఇరవై ఏడు దాటింది. షుగర్ ఉంటే బిడ్డ పెద్దగా పెరుగుతుంది, నీకుందా?"

లేదన్నాను. వెంటనే వచ్చిన ఆలోచన ఏమిటంటే, నన్ను పరిశోధనలో ఇరికించడానికే అంకెలు మారుస్తున్నారని. తప్పుడు తేదీ రాయించినది నేను, అనుమానం ఆమె మీద.

"ఈ రాత్రే నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం సూది ఇవ్వాలా, ఏం సిద్ధం చేయాలా అన్నది వారాలను బట్టే చూస్తామమ్మా. తేదీ సరైనదేనా?"

అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఫ్యాన్ వైపు చూస్తోంది.

"కాదు మేడం. నెల తగ్గించి చెప్పినం."

డాక్టరమ్మ అరవలేదు. కార్డు మీద పాత తేదీ కొట్టేసి కొత్తది రాసింది. లావణ్య నా ఆరు పేజీలు వెనక్కి తీసుకుంది. "ఇరవై నాలుగు వారాల లోపోళ్లనే తీస్కుంటం అక్కా. నువ్వు దాటిపోయినవ్."

పట్టుకుంటారని భయపడ్డ చోట ఒక్క మాటకు వదిలేశారు. నిజం మొదటే చెప్పి ఉంటే, చీటీ వచ్చిన రోజే వచ్చి ఉంటే, ఏమయ్యేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

నాలుగు గంటలు మంచం మీద పడుకోబెట్టి చూశారు. మళ్లీ గట్టిపడలేదు. గర్భసంచి ముఖద్వారం ఇంకా మూసుకొనే ఉందన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని మాత్రలిచ్చారు. వారం వారం రావాలి, మళ్లీ గట్టిపడితే వెంటనే రావాలి. తీసిన రక్తం ఎక్కడికి పోతుందని అడిగితే లావణ్య ల్యాబు తలుపు దాకా తీసుకుపోయి చూపించింది. అనుమానం సగమే పోయింది. మీరు పోతే మీరూ అడగండి, చెప్తారు.

నాలుగున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. వర్ధన్నపేట దాటాక ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి, "ఎన్నో నెల?" అంది.

అత్తమ్మ నా వైపు ఒకసారి చూసింది. తర్వాత, "ఏడు. ఏడో నెల నడుస్తాంది" అని కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన దూరం ఆమే నడిచిందని అప్పుడు అనిపించింది.

మర్నాడు పొద్దున పాలు తాగుతూ మా పెద్దది అక్షర, "బాబు దసరా అయినంకనే గదా వచ్చేది?" అని అడిగింది. ఎనిమిదేళ్ల పిల్లకు కూడా తప్పుడు లెక్కే చెప్పి పెట్టాను.

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "దసరాకు ముందే వస్తది. నేనే తప్పు చెప్పిన. అమ్మ పొట్ట గట్టిపడ్డదంటే ఎవ్వరినీ అడగకుండ్రి, 108కి ఫోన్ జెయ్యున్రి. ఎన్నో నెల అంటే ఏడు అని చెప్పాలె. రేపు ఎనిమిది పడితే ఎనిమిదనే చెప్పాలె. తక్కువ చెప్పొద్దు."