ఏడాదిలోపు మామయ్య

మా మేనమామకు ఒకటే జబ్బు. దేన్ని చూసినా "ఏడాదిలోపు తీర్చాల్సిందెంత?" అని అడుగుతాడు. షేర్లు కొనే అలవాటు అంటించిన జబ్బు అది. కంపెనీ భవనం ఎంత తళతళలాడినా ఆయనకు పట్టదు. దాని లెక్కల పుస్తకంలో సరాసరి ఒక్క పేజీ తెరిచి, ముక్కు ఆనించి, పాలు విరిగాయేమోనని వాసన చూస్తున్నట్టు చదువుతాడు. ఆ ముక్కుకంటిన సిరాతో ఇంకో పుస్తకం అచ్చేయొచ్చు.

నేను ఆరో తరగతితోనే బడికి దండం పెట్టేసినదాన్ని. నాక్కూడా ఒకసారి విడమరిచి చెప్పాడు.

"పదేళ్లలో తీర్చే అప్పు ఏనుగులాంటిదే అమ్మడూ. దూరం నుంచే కనిపిస్తుంది, తప్పుకోవచ్చు. ఏడాదిలోపుది చీమ. చెవిలో దూరాకే తెలుస్తుంది."

"మరెలా కనిపెట్టాలి?"

"ఏడాదిలోపు ఇవ్వాల్సింది ఒక పక్క రాయి. ఏడాదిలోపు చేతికొచ్చేది ఇంకో పక్క రాయి. వచ్చేదాన్ని మాత్రం చస్తే నమ్మకు."

ఆయన జేబులో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం. ప్రతి పేజీలో నిలువుగా గీత. ఎడమ పక్క 'ఏడాదిలోపు', కుడి పక్క 'ఏడాది దాటాక'. డాక్టరు బీపీ ఉందంటే, "ఏ పక్క రాయమంటారు?" అన్నాడు. డాక్టరు తన బీపీ చూసుకున్నాడు. నా పెళ్లయిన మూడో రోజు మా ఆయన్ని కూర్చోబెట్టి, "అల్లుడూ, బండి వాయిదాలు, చేబదుళ్లు, ఏడాదిలోపువన్నీ చెప్పేయ్" అన్నాడు. మా ఆయన స్నానాలగదిలో దూరి గంటన్నర బయటికి రాలేదు.

ఆయన చెల్లెలు, అంటే మా పిన్ని, కుక్కర్ల కంపెనీకి అట్టపెట్టెలు చేసిస్తుంది. అట్టలు కోసే కొత్త మిషను కోసం ఎనిమిదేళ్లుగా డబ్బు దాచింది. ఈలోగా కంపెనీ షేరు రోజుకింత పెరగడం మొదలెట్టింది. దాచిందంతా అందులో పెట్టేస్తే ఒకటికి రెండు మిషన్లు వస్తాయని పిన్ని లెక్కేసుకుంది.

"ఆగవే" అన్నాడు మామయ్య, ముక్కు పుస్తకంలోంచి తీయకుండా. "ఏడాదిలోపు బ్యాంకుకు కట్టాల్సింది అరవై కోట్లు. చేతిలో ఉన్నది నాలుగు."

"యాభై కోట్ల సరుకుందని రాశారుగా అన్నయ్యా! అమ్మితే రాదూ?"

"నీ దగ్గర నెలకెన్ని పెట్టెలు తీసుకుంటున్నారు?"

"ఇదివరకు పదివేలు. ఇప్పుడు నాలుగు వేలు."

"మిగతా కుక్కర్లను చంకలో పెట్టుకుని పంపుతున్నారా?"

పిన్ని వేళ్ల మీద లెక్కేసి, మళ్లీ మొదటి నుంచి లెక్కేసింది.

"బిల్లులు ఇస్తున్నారా?"

"ఐదు నెలలవి రావాలి. అంత పెద్ద కంపెనీ, ఎక్కడికి పోతుంది?" అంది పిన్ని, కాస్త చిన్న గొంతుతో. వెంటనే కోపం తెచ్చుకుంది. "నువ్వో అనుమానం పక్షివి! నన్ను బాగుపడనివ్వవు!"

"వచ్చే నెల వాటాదారుల మీటింగుంది. అదయ్యేదాకా ఆగు. తర్వాత నీ ఇష్టం."

పిన్ని పళ్లు నూరుకుంటూ ఒప్పుకుంది. సరిగ్గా మర్నాడే నేను షేర్ల ఆఫీసు కిటికీలోంచి మామయ్యను చూశాను. మెడ సాచి విన్నాను. కుక్కర్ల కంపెనీ షేరే కొంటున్నాడు! చెప్పులు చేత్తో పట్టుకుని పిన్ని దగ్గరికి పరుగెత్తాను.

"లక్ష షేర్లు కొన్నాడు!" అన్నాను. ఎన్ని కొన్నాడో నాకు వినపడలేదు, కానీ లక్ష అంటే నిండుగా ఉంటుంది కదా.

"నన్నాపి తను కొంటాడా!" పిన్ని ముఖం కుక్కరులా బుసలు కొట్టింది.

మీటింగు రోజు ఇద్దరం చెరో పెట్టెల కట్ట నెత్తినెట్టుకుని, సరుకు తెచ్చినవాళ్లలా వెనక గుమ్మంలోంచి హాల్లో దూరాం. మామయ్య లేచాడు.

"ఏడాదిలోపు తీర్చాల్సింది..." అన్నాడు.

ఛైర్మన్ నవ్వాడు. "తమకెన్ని షేర్లున్నాయండీ?"

"ఒకటి."

హాలంతా గొల్లుమంది. పిన్ని నా వైపు చూసిన చూపుకు పెట్టెల కట్ట అంటుకోవాల్సింది.

"నవ్వండి, ఫర్వాలేదు" అన్నాడు మామయ్య. "మాట్లాడనివ్వడానికి ఒకటి చాలన్నారు, అందుకే కొన్నా. అరవై కోట్ల సంగతి తర్వాత. అట్టపెట్టెలావిడకు ఐదు నెలల బిల్లులు బాకీ. అవి కట్టలేని కంపెనీనా ఇది?"

విలేకర్లు పెన్నులు తీశారు. ఛైర్మన్ నవ్వు ఆగింది. "అబ్బే, అదెంత! పది రోజుల్లో ఇచ్చేస్తాం."

మామయ్య నోటుపుస్తకం తెరిచాడు. "తారీఖు చెప్పండి. ఎడమ పక్క రాసుకుంటా."

పదో రోజు పిన్ని డబ్బు పైసాతో సహా వచ్చింది. మూడో నెలలో బ్యాంకు ఆ అరవై కోట్లకు గడువు పెంచనంది, కంపెనీ గేటుకు తాళం పడింది. షేరు ధర పిన్ని అట్టపెట్టె ధర కన్నా కిందికి దిగింది. దాచిన డబ్బుతో పిన్ని మిషను కొంది. ఇప్పుడు బిస్కెట్ల కంపెనీకి పెట్టెలు చేస్తోంది.

తర్వాత ఒకరోజు మామయ్య నిద్రపోతుంటే జేబులోంచి నోటుపుస్తకం లాగాను. తప్పే, కానీ ఊరుకోలేకపోయాను. చివరి పేజీలో పెద్ద జాబితా. మా ఆయన బస్సు తోలే కంపెనీ, ఒక్క షేరు. ఎదురింటి దర్జీ బట్టలు కుట్టిచ్చే కంపెనీ, ఒక్క షేరు. బిస్కెట్ల కంపెనీ, ఒక్క షేరు. మా వీధిలో ఎవరి జీతం, ఎవరి బిల్లు ఎక్కడి నుంచి రావాలో, అక్కడి మీటింగులో అల్లా మామయ్యకు ఒక కుర్చీ ఉంది.

సంగతి పిన్నికి చెప్పాను. ఈసారి ఒక్కటి కూడా కలపలేదు. పిన్ని డబ్బు పట్టుకుని వెళ్లింది.

"అన్నయ్యా, నా కోసం కొన్న షేరు మునిగిపోయిందిగా. దాని ఖరీదు తీసుకో."

మామయ్య ఆ నోట్లను వెలుతురుకెత్తి అనుమానంగా చూశాడు. తిరిగిచ్చేశాడు. నోటుపుస్తకం తీసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కుడి పక్క రాసుకున్నాడు.

"తొందరేముందే? ఏడాది దాటాక చూద్దాం."

మొన్నటికి ఏడాది దాటింది. పిన్ని మళ్లీ వెళ్లింది. ఆయన పేజీ తిప్పి, కొత్తగా గీత గీసి, మళ్లీ కుడి పక్కే రాశాడు.