సాక్షికి కాళ్లుండవు

మనిషి తనంతట తానే ఎదుగుతాడా, పక్కన ఒకరు కూర్చుంటే ఎదుగుతాడా? ఇన్ని పుస్తకాలు తిరగేసినా, ఈ వయసులోనూ నాకు తేలలేదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా మా అక్క గుర్తొస్తుంది.

అక్క దర్జీ. తను కుట్టిన కర్టెన్లు తానే కారులో వేసుకెళ్లి షాపులకు ఇచ్చి రావాలని, అరవై దాటాక పంతం పట్టింది. బావది డ్రైవింగ్ స్కూలు. ఆయన కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. అంత మాస్టారు ఇంట్లోనే ఉన్నా అక్క పరీక్ష రెండుసార్లు తప్పింది. మళ్లీ తప్పితే ఇక స్టీరింగ్ ముట్టనని ఒట్టేసుకుంది.

పరీక్ష ముందు రోజు, స్కూలు వెనక ఖాళీ స్థలంలో అక్క కారు తిప్పుతుంటే నేను వెనక సీట్లో కూర్చున్నాను. అప్పుడు కనిపించింది సంగతి! అక్క పాదం కదిలేలోపే బావ పాదం నొక్కేస్తోంది. తానే ఆపాననుకుంటోంది పాపం.

"బావా, తొక్కుతున్నది మీరు!"

"నేనా? కాలు ఊరికే అలా పెట్టానోయ్."

"పెళ్లైనప్పటి నుంచీ ఊరికే అలాగే పెట్టారు," అంది అక్క.

ఆ వారమే నేను రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఎదిగే శక్తి మనిషిలోనే ఉంది, సాయం చేసేవాడు నమ్మి పక్కనుంటే చాలంటుంది మనస్తత్వ శాస్త్రం. లోపల ఉన్నదే బయటపడాలి, సాక్షి చూస్తాడే గాని చేయడంటుంది వేదాంతం. ఆ రెండూ ఈ ముందు సీట్లోనే కలిశాయనిపించి ముందుకు వంగి అరిచాను.

"సాక్షికి కాళ్లుండవు బావా! మఠం వేసుకోండి!"

"కారులోనా? నీ వేదాంతం తగలెయ్య!" అంటూనే చెప్పులు విప్పి, కాళ్లు సీటు మీదకు మడుచుకున్నారు.

కారు కదిలింది. ఎదురుగా, ఆపాల్సిన చోట గుర్తుగా పెట్టిన ఎర్ర కోను. దగ్గరకొచ్చేస్తోంది. బావ మోకాళ్లు గట్టిగా పట్టుకుని కళ్లు మూసేశారు.

"తెరవండి! సాక్షి చూడాలి!"

కారు ఆగింది. కోను నిలబడే ఉంది.

"ఎవరు తొక్కారు?" అక్క వంగి తన పాదం వైపు చూసుకుంది.

"నువ్వే!" అన్నాం ఇద్దరం.

"నేనే!" అని స్టీరింగ్ మీద ఒక్క చరుపు చరిచింది. హారన్ మోగింది.

పరీక్ష పాసైంది. లైసెన్సు చేతికొచ్చిన రోజు కర్టెన్ల మూటలు వెనక సీట్లో సర్దాం. బావ అలవాటుగా పక్క తలుపు మీద చెయ్యేశారు. లోపలి నుంచి లాక్ పడింది.

వెళ్లొస్తానంటుందేమోనని ఇద్దరం చేతులెత్తి నిలబడ్డాం. అక్క చూపు రోడ్డు మీదే ఉంది. మలుపు దగ్గర వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి, కారు తిరిగిపోయింది.